ఓడిపోవడం చేతకాని జట్టు

పేరుకే కాదు, కొలతకు కూడా అది పెద్ద అడవే. ఒక చివర నిలబడి గొంతు చించుకున్నా రెండో చివర ఎవరికీ వినిపించదు. వినిపించినా ఎవరూ పట్టించుకోరు. అలాంటి అడవిలో అందరికీ కలిపి ఉన్న పిచ్చి ఒక్కటే, బాస్కెట్‌బాల్.

జలపాతం చూడ్డానికొచ్చిన మనుషులు ఒకప్పుడు అక్కడొక బంతిని వదిలేసి పోయారు. గిజిగాళ్లు రెండు బుట్టలల్లి ఎదురెదురుగా రెండు టేకుచెట్లకు కట్టాయి. అంతే, ఆరు జట్లు పుట్టుకొచ్చాయి. ఆరు జట్లకూ యజమానులు పుట్టుకొచ్చారు. యజమానులకు సలహాదారులు పుట్టుకొచ్చారు. ఆడేవాళ్లకే ఎప్పుడూ కరువు.

మన కథలోని జట్టు పేరు నల్లగట్టు పులులు. అందులో పులి లేదు. ఒకసారి వెళ్లి పులిని అడిగారట. "పేరు నాది పెట్టుకున్నారుగా, మళ్లీ నేనెందుకు?" అందట. అందుచేత పులుల జట్టుకి కెప్టెన్‌గా ఒక ఉడుముని పెట్టుకున్నారు.

ఆ ఉడుము పేరు ఎల్లమంద. తొమ్మిదేళ్లుగా కెప్టెన్. పొట్టివాడే గానీ బంతి ఒకసారి చేతికి చిక్కిందంటే ఉడుంపట్టే, ఇక ఎవడూ లాక్కోలేడు. ఏటా జట్టు నాలుగో స్థానంలో నిలిచేది. మొదటి నాలుగు జట్లకూ నాకౌట్ పోటీలు పెడతారు. ఏటా ఆ నాకౌట్ తొలి మ్యాచ్‌లోనే జట్టు ఓడి, మూటాముల్లె సర్దుకుని ఇంటికొచ్చేది.

ఈసారి వైశాఖంలో కూడా అదే జరిగింది. పడమటివాగు జట్టు చేతిలో ముప్పై రెండు బుట్టలకు పన్నెండు వేసి ఇంటికొచ్చారు. మ్యాచ్ అయ్యాక మూలికలిచ్చే ముంగిస ఎల్లమంద వెనక కాలు ఒత్తి చూసి, "ఇంకొక్క ఏడాది ఆడతావు. ఆ తర్వాత ఈ కాలు నీ మాట వినదు" అంది.

ఎల్లమందకు ఆ రాత్రి తిండి సహించలేదు. తొమ్మిదేళ్లు ఆడాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి కప్పు పట్టుకోవాలని ఉంది. ఇక మిగిలింది ఒక్క ఏడాది.

ఓడిన మర్నాడే సమీక్ష పెట్టి, ఎక్కడ తప్పు జరిగిందో చూసుకుని, సరిదిద్దుకోవాలి. కానీ నల్లగట్టులో ఒక ఆనవాయితీ ఉంది. సలహాదారు లేకుండా సమీక్ష జరపకూడదు. సలహాదారేమో వలస బాతు. హంసగారూ అని పిలిస్తే తప్ప పలికే రకం కాదు. చలికాలం మొదట్లో ఉత్తరాది నుంచి వస్తారు, ఎండలు ముదరకముందే వెళ్లిపోతారు. పోటీల ఫలితాలు తేలేది నడివేసవిలో. అందుచేత తానిచ్చిన సలహా చివరికి ఏమైందో ఆయన కళ్లారా చూసిన పాపాన పోలేదు. మహా అనుభవజ్ఞుడన్న పేరు ఇన్నేళ్లుగా చెక్కుచెదరకుండా ఉన్నది అందుకే.

వైశాఖంలో ఓడిన జట్టుకి కార్తీకంలో సమీక్ష జరిగింది.

జట్టు యజమాని ఎలుగుబంటి బుచ్చిరామయ్య గుహలో అందరూ కూర్చున్నారు. బుచ్చిరామయ్యకు ఆట గురించి తెలిసింది తక్కువ. కానీ మ్యాచ్ రోజున ముందు వరసలో కూర్చుని తేనెపట్టు నాకుతుంటే నలుగురూ తిరిగి చూడడం ఆయనకు ఇష్టం. జట్టు కొన్నదే దానికోసం.

"ఏటా నాలుగో స్థానమే. మా బావమరిది మొహం మీదే నవ్వుతున్నాడు. చెప్పండి హంసగారూ, మన జట్టు భవిష్యత్తేమిటి?" అన్నాడు.

హంసగారు కాసేపు కళ్లు మూసుకున్నారు. ఆయన కళ్లు మూసుకుంటే లోతుగా ఆలోచిస్తున్నట్టు లెక్క. గుహంతా ఊపిరి బిగబట్టి కూర్చుంది.

"మీ జబ్బు ఓటమి కాదు. చాలినంత ఓడకపోవడం" అన్నారు.

కోచ్ సాంబశివం వెంటనే తొడ చరిచాడు. అతనొక కొండముచ్చు. ముగ్గురు యజమానుల దగ్గర పనిచేసి, ముగ్గురు చెప్పిందానికీ మొదటగా చప్పట్లు కొట్టి నిలదొక్కుకున్నవాడు. "అద్భుతం! సరిగ్గా నా మనసులో ఉన్న మాట!" అన్నాడు. ముందు వారమే అతను ఆటగాళ్లందర్నీ నిలబెట్టి, ఈసారి గెలవకపోతే తోకలు కత్తిరిస్తానని చెప్పి ఉన్నాడు.

హంసగారు వివరించారు. అడవి లీగులో ఒక నిబంధన ఉంది. ఏటా కొత్తగా ఆటలోకి వచ్చేవాళ్లలో తమకు కావలసినవాణ్ణి ముందుగా ఏరుకునే హక్కు, కిందటేడు అట్టడుగున నిలిచిన జట్టుది. పాపం, బలహీనులకు కాస్త ఊతం ఉండాలని పెట్టిన నిబంధన. వచ్చే ఏడు ఆటకు ఈడొచ్చేవాడు ఎవరనుకున్నారు? వెదురుకోన గున్న ఏనుగు. ఊరికే నిలబడి తొండం ఎత్తితే బుట్ట అంచు అందుతుంది. గెంతక్కర్లేదు, విసరక్కర్లేదు, బంతిని తీసుకెళ్లి బుట్టలో పెట్టి రావడమే.

"కాబట్టి ఈ ఏడు మనం చివరి స్థానంలో రావాలి. నాలుగో స్థానమంత ప్రమాదకరమైనది ఇంకోటి లేదు. అక్కడ కప్పూ రాదు, ఏనుగూ రాదు. మా ఉత్తరాదిన అందరూ ఇలాగే చేస్తారు" అన్నారు హంసగారు.

ఎల్లమంద గొంతు సవరించుకున్నాడు. "ఆ గున్నకి ఆట వచ్చాండీ?"

"ఎత్తుంది కదా."

"మన జట్టులో ఆడతానన్నాడా?"

"ఎత్తుంది కదయ్యా!" అన్నాడు బుచ్చిరామయ్య విసుగ్గా. "చూడు ఎల్లమందా, నువ్వు పాతవాడివి, నీమీద నాకు గౌరవం. ఈ ఏడు చివర్న రానియ్యి. వచ్చే ఏడు కూడా కెప్టెన్‌వి నువ్వే, ఏనుగు పక్కన నిలబడి కప్పు ఎత్తుదువుగాని. అలా కాదని గెలిచావో, నీకూ మాకూ సంబంధం లేదు."

వచ్చే ఏడు తనకు లేదని ఎల్లమంద చెప్పబోయాడు. కాలి సంగతి బయటపెడితే ఈ ఏడు కూడా ఉండదని గుర్తొచ్చి ఆగిపోయాడు. నాలుక ఒకసారి బయటికి చాపి లోపలికి తీసుకున్నాడు. ఉడుము నాలుక చాపితే అవుననో కాదనో ఎవరికీ తెలియదు. సమావేశం పుస్తకంలో మాత్రం 'తీర్మానం ఏకగ్రీవం' అని రాశారు.

ఇంటికెళ్లి పెళ్లాం సుబ్బులుతో చెప్పాడు. "ఈ ఏడు ఓడిపొమ్మన్నారే."

సుబ్బులు పుట్ట దగ్గర చెదలు ఏరుతూ తల కూడా తిప్పలేదు. "అదేమన్నా నీకు కొత్తా?"

"కావాలని ఓడాలంట."

అప్పుడు తిరిగి చూసింది. మొగుడి మొహం చూశాక ఎగతాళి చేయబుద్ధి కాలేదు. "మరి ఏం చేస్తావయ్యా?" అంది.

"తెలీదే" అన్నాడు ఎల్లమంద.

ఓటమికి శిక్షణ మొదలైంది. సాంబశివం గెలవాలని ఆడిన రోజుల్లో పొద్దెక్కాక లేచేవాడు, ఇప్పుడు కోడి కూయకముందే మైదానంలో ఉంటున్నాడు. బంతి జారవిడవడం, అడ్డం రాకుండా తప్పుకోవడం, బుట్ట కింద నిలబడి గాల్లోకి చూడడం, వీటికి రోజుకు మూడు పూటలా సాధన. జట్టు అంత క్రమశిక్షణతో పనిచేయడం అడవిలో ఎవరూ అంతకుముందు చూడలేదు.

జట్టులో పేరున్న ఆటగాడు నెమలి నీలకంఠం. అతనికి బుట్టలో బంతి వేయడం కన్నా వేశాక పురి విప్పడం ముఖ్యం. అతను పురి విప్పి నాలుగు దిక్కులా తిరిగి చూపించేలోగా అవతలివాళ్లు రెండు బుట్టలు వేసుకునేవారు. సాంబశివం అతన్ని పిలిచి, "బాబూ, నువ్వు బుట్టకేసి చూసి విసురుతావు. ఇప్పట్నుంచి చెట్టు మానుకి గురిపెట్టు, చాలు" అన్నాడు.

మాఘంలో పోటీలు మొదలయ్యాయి. తొలి మ్యాచ్ తూర్పుకోన జట్టుతో. వాళ్లు ఐదుగురు ఆటగాళ్లని దింపితే, అందులో నలుగురు తాబేళ్లు. ఈల వేసినప్పుడు ఒక కొస నుంచి బయలుదేరినవాళ్లు సగం ఆట అయ్యేసరికి కూడా నడిమి గీత దాటలేదు. ఐదోవాడు కుందేలు, బంతి తీసుకుని నేరుగా తమ బుట్టవైపే పరిగెత్తి తమ బుట్టలోనే వేసేశాడు. లీగు లెక్కలో ఆ బుట్ట నల్లగట్టుది.

బుచ్చిరామయ్య నోట్లో తేనె నోట్లోనే ఉండిపోయింది. "అదేంటి, వాళ్లు కూడానా?"

నీలకంఠం చెప్పినట్టే చెట్టు మానుకి గురిపెట్టాడు. ఎప్పుడూ సగం విసుర్లు గురితప్పే వాడికి ఆ రోజు గురి కుదిరింది. బంతి మానుకి తగిలి, ఎగిరి, తిన్నగా బుట్టలో పడింది. ఇంకోసారి విసిరాడు. మళ్లీ అంతే. పది విసుర్లకి తొమ్మిది పడ్డాయి.

సాంబశివం ఆట ఆపించి అందర్నీ చుట్టూ నిలబెట్టాడు. "ఏమిట్రా ఈ గెలుపు? సిగ్గూ శరం లేదా మీకు? యజమాని తిండి తింటున్నామన్న జ్ఞానం లేదా?"

ఆటగాళ్లు తలలు దించుకుని విన్నారు. వెళ్లి వాళ్లకు తోచినట్టే ఆడారు. కోచ్ చెప్పింది వినే అలవాటు ఆ జట్టులో తొమ్మిదేళ్లుగా ఎవరికీ లేదు. గెలవమన్నప్పుడు వినలేదు, ఓడమన్నప్పుడు మాత్రం ఎందుకు వింటారు?

ఎల్లమంద ఒక్కడే చెప్పినట్టు చేయాలని చూశాడు. ఇంకో ఏడాది ఆశ పెట్టారు కదా, ముంగిస మాట తప్పు కావచ్చు కదా అని మనసుకి నచ్చజెప్పుకున్నాడు. బంతి చేతికి రాగానే కుందేలు ముందు వదిలేయబోయాడు. వేళ్లు విడిపోలేదు. బలవంతాన విడిపించి వదిలేశాడు. కుందేలు ఆ బంతి తీసుకెళ్లి మళ్లీ తన బుట్టలోనే వేసుకున్నాడు. ఎల్లమందకు చచ్చేంత సిగ్గేసింది. ముందు వరసలో తన ఇద్దరు పిల్లలూ కూర్చుని ఉన్నారు. వాళ్లకేసి చూడలేకపోయాడు.

ఆ రోజే తేల్చుకున్నాడు. జట్టులో ఉంచితే ఉంచుతారు, తీసేస్తే తీసేస్తారు. ఇక చేతికొచ్చిన బంతిని వదలడు.

ఎందుకు అన్ని జట్లూ ఓడడానికే దిగాయో కూడా త్వరలోనే తెలిసింది. పడమటివాగు కెప్టెన్ అడవిపంది అంకయ్య ఒకరోజు నీళ్ల దగ్గర కలిసి గొల్లున నవ్వాడు. "మావా, మీ హంసగారు మీ చెరువు ఒక్కదాంట్లోనే దిగాడనుకున్నావా? ఈ చలికాలం ఆరు చెరువుల్లో దిగాడు. ఆరు చోట్లా ఇదే సలహా. మా దొరకి చెప్పేటప్పుడైతే, ఈ రహస్యం మీకొక్కరికే చెబుతున్నానని ప్రమాణం చేశాడు."

"మాకూ చేశాడు" అన్నాడు ఎల్లమంద.

ఆ ఏడు లీగు చూడ్డానికి రెండు కళ్లు చాలలేదు. ఒక జట్టు ముళ్లపందిని బరిలోకి దింపి బంతికి చిల్లు పెట్టించింది, చెట్టు బంకతో అతికించాక గానీ ఆట సాగలేదు. ఇంకో జట్టు ఆటగాళ్లందరికీ ఒకేరోజు కడుపునొప్పి వచ్చింది. చిలకలు చెట్ల మీద కూర్చుని, ఏ జట్టు ఎంత అందంగా ఓడుతోందో వర్ణించి చెప్పేవి. ప్రతి యజమానీ తన జట్టు ఓడితే పైకి ఏడుస్తూ లోపల లడ్డూలు పంచుకున్నాడు.

ఓడడంలో కూడా పనితనం కావాలి. తూర్పుకోన వాళ్లకి అది ఉంది, నికరంగా పది మ్యాచ్‌లకి పదీ ఓడి అట్టడుగున చేరారు. నల్లగట్టుకి ఆ పనితనం లేకపోయింది. కొన్ని అవతలివాళ్లు తమ బుట్టలో తామే వేసుకున్నవి, కొన్ని నీలకంఠం చెట్టుకేసి కొట్టినవి, మిగిలినవి ఎల్లమంద చెమటోడ్చి నిజంగా వేసినవి. వెరసి పదింట్లో ఎనిమిది గెలిచారు. బుచ్చిరామయ్య మొదట్లో కేకలేశాడు, తర్వాత బతిమాలాడు, ఆఖరికి మ్యాచ్‌లకి రావడం మానేశాడు. హంసగారిని అడుగుదామంటే ఎండలు ముదిరేలా ఉన్నాయని ఆయన ఎప్పుడో రెక్కలు కట్టుకు వెళ్లిపోయారు.

నాకౌట్ తొలి మ్యాచ్‌లో అవతలి జట్టు రానేలేదు. నల్లగట్టు ఫైనల్ చేరింది.

ఫైనల్లో ఎదురుగా అంకయ్య జట్టు. వాళ్లు కూడా ఎంత మొత్తుకున్నా ఓడలేక అక్కడిదాకా వచ్చి పడ్డారు. అంకయ్య యజమాని, గెలిచొస్తే గడప తొక్కద్దని చెప్పి పంపాడట.

అట్టడుగు స్థానం ఎలాగూ పోయింది కదా, ఇక గెలిస్తేనేం అని మీరనుకోవచ్చు. యజమానులు అలా అనుకోలేదు. రెండో స్థానంలో ఉన్నవాడికి కప్పు వచ్చిందన్న అపకీర్తి ఉండదు కదా, వచ్చే ఏడు ఓడడానికి అదొక మంచి పునాది అని సాంబశివం తేల్చాడు.

ఆట మొదలైంది. ఎవరూ కదల్లేదు. బంతి మైదానం మధ్యలో పడి ఉంది, పదిమంది ఆటగాళ్లు దానికి దూరంగా నీడ చూసుకుని కూర్చున్నారు. ఊరికే కూర్చున్నవాళ్ల మీద గెలవడానికి ఎల్లమందకు కూడా మనసొప్పలేదు. రిఫరీ గుడ్లగూబ, పగటి మ్యాచ్ కావడంతో ఈల నోట్లో పెట్టుకునే నిద్రపోయింది. లీగు నిబంధన ప్రకారం ఫైనల్ పొద్దు గుంకేదాకా ఆడాలి, అప్పటికీ సమంగా ఉంటే తేడా వచ్చేదాకా సాగాలి. పొద్దు నడినెత్తికొచ్చింది, పడమటికి వాలింది. చూడవచ్చినవాళ్లు ఒక్కొక్కరే లేచి దులుపుకుని వెళ్లిపోతున్నారు.

ఎల్లమంద లేచి బంతి దగ్గరికెళ్లి కూర్చున్నాడు. అంకయ్య కూడా వచ్చి పక్కన కూలబడ్డాడు.

"అంకయ్యా, మనం సరిగ్గా ఆడి ఎన్నాళ్లయిందిరా?"

"పోయిన వైశాఖం. ముప్పై రెండు వేశాం మీమీద."

"ఆ రోజు ఓడిపోయా గానీ, ఆడానురా. ఈ ఏడు గెలిచిందాంట్లో ఆడింది ఎంతుందో నాకే తెలీదు" అన్నాడు ఎల్లమంద. "నాకిదే ఆఖరు. కాలు పోయింది. ఎవరికీ చెప్పలేదు."

అంకయ్య మూతి నేలకేసి రాసుకున్నాడు. "నాకు పళ్లు కదులుతున్నాయి మావా. నేనూ చెప్పలేదు."

అంకయ్య లేచి ఒళ్లు విదిల్చుకున్నాడు. "పద. మొహమాటం వద్దు. నాకు అడ్డమొస్తే పొడిచి పారేస్తా."

"పొడు చూద్దాం" అన్నాడు ఎల్లమంద.

అంకయ్య బంతి తీసుకుని దుమ్ము లేపుకుంటూ దూసుకొచ్చాడు. ఎల్లమంద అడ్డం పడ్డాడు, బంతిని కరుచుకున్నాడు, ఇద్దరూ దొర్లారు. సాంబశివం గీత పక్కన గెంతుతూ, "ఆడుతున్నారు! వాళ్లు ఆడుతున్నారు! ఎవరైనా ఆపండయ్యా!" అని అరిచాడు. బుట్టలో బంతి పడ్డ చప్పుడికి గుడ్లగూబ మేలుకుని ఈల వేసింది. వెళ్లిపోతున్నవాళ్లు వెనక్కి తిరిగారు. నీడలో కూర్చున్న ఆటగాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుని, లేచి పరిగెత్తుకొచ్చారు. నీలకంఠం రెండు బుట్టలేసి పురి విప్పడం మరిచిపోయాడు. ఏడాది పొడుగునా ఆకలితో ఉన్నవాళ్లకి అన్నం పెట్టినట్టుగా ఆడారు అందరూ.

పదికి పది. పొద్దు గుంకుతోంది. ఆఖరి బంతి ఎల్లమందకు చిక్కింది. కాలు మంటెత్తిపోతోంది. అంకయ్య మీద పడి తోశాడు, లాగాడు, కుమ్మాడు. ఎల్లమంద వదల్లేదు. బంతితో సహా టేకుచెట్టు ఎక్కి, బుట్ట దగ్గర చేతులు విడిచాడు.

బంతి పడింది. అతను కూడా చెట్టు మీంచి దానితోపాటే పడ్డాడు. కింద పడి నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. రెండూ అనుకుంటా. అంకయ్య వచ్చి మూతితో లేపి నిలబెట్టి, "గెలిచావు మావా, నిజంగానే గెలిచావు" అన్నాడు.

ఇక మిగిలిన సంగతులు. అట్టడుగున నిలిచిన తూర్పుకోన వాళ్లు మేళతాళాలతో, చెరుకుగడలతో వెదురుకోన వెళ్లారు. గున్న ఏనుగు శ్రద్ధగా అంతా విని, చెరుకంతా తిని, "ఆటా? నాకు బంతంటే భయమండీ, పైగా మా మంద రేపే వాగు దాటి వెళ్లిపోతోంది. ఈ మాట ముందే అడిగి ఉంటే చెప్పేవాణ్ణి కదా" అన్నాడు. ఆరు జట్లు ఏడాదంతా ఎవరికోసం ఓడాయో ఆ పెద్దమనిషిని అంతవరకూ ఎవరూ పలకరించలేదు.

చలికాలం రాగానే హంసగారు దిగారు. నల్లగట్టులో సమీక్ష జరిగింది. హంసగారు కళ్లు మూసుకుని అంతా విన్నారు.

"ప్రణాళికలో లోపం లేదు. అమలులో లోపం" అన్నారు.

"నేనూ సరిగ్గా అదే అనుకుంటున్నా" అన్నాడు సాంబశివం, ఎల్లమందకేసి చూపిస్తూ. తర్వాత నివేదిక చదివాడు. "సదరు కెప్టెన్ సంస్థ లక్ష్యం స్పష్టంగా తెలిసి ఉండీ, పలుమార్లు హెచ్చరించినా లెక్కచేయక, బుద్ధిపూర్వకంగా గెలిచినట్టు రుజువైనది."

బుచ్చిరామయ్య కప్పుకేసి అసహ్యంగా చూశాడు. "నీ సంజాయిషీ ఏమిటి ఎల్లమందా?"

"ఒక్కసారి గెలవాలనిపించిందయ్యా" అన్నాడు ఎల్లమంద.

అలాంటి కారణం ఏ నిబంధన కిందికీ రాదని హంసగారు సెలవిచ్చారు. తొలగింపు ఏకగ్రీవమైంది. ఎల్లమంద బతిమాలలేదు, వాదించలేదు. కుంటుకుంటూ ఇంటికెళ్లి, సుబ్బులు అడక్కుండానే ఆఖరి బుట్ట ఎలా వేశాడో మొదట్నుంచి మళ్లీ చెప్పడం మొదలుపెట్టాడు.

కాబట్టి జట్లు నడిపే పెద్దలు జాగ్రత్తపడవలసింది ఒక్క విషయంలోనే: గెలవాలని నిజంగా ఉన్నవాణ్ణి దగ్గరికి రానివ్వకండి, మీరెంత కష్టపడి ఓడినా వాడు గెలిపించేస్తాడు.